గుండ్రటి అర్జీ

“నువ్వే తలొంచుకుంటే మేమేమైపోవాలి పెద్దక్కా?” అంటూ వసపిట్ట ఆమె మోచెయ్యి పట్టుకుని, కార్మిక అధికారి గది బయటున్న బల్ల మీద కూర్చోబెట్టింది.

బట్టల దుకాణంలో అమ్మకాలు చూసే ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దది కాబట్టి ఆమె పెద్దక్క. వాగుడు ఆగదు కాబట్టి ఇది వసపిట్ట. రోజుకు పది గంటలు నిలబడే కొలువు. బేరాల్లేనప్పుడైనా కాసేపు కూర్చోడానికి స్టూళ్ళు వేయించమని అర్జీ పెట్టారు. అంతే, యజమాని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. వారం తిరక్కుండా పదకొండు మందిని ఇంటికి పంపేశాడు. పెద్దక్క జోలికి మాత్రం పోలేదు.

“నా మాట వినే కదే మీరంతా సంతకాలు పెట్టింది? మీ పొయ్యిల్లో నీళ్ళు పోశాను. నీకు మొహం చూపించలేకపోతున్నానే.”

“ఊరుకో అక్కా! అర్జీ రాసింది నువ్వు. ఎవరు ముందు పెట్టారో ఆయన పట్టుకోకూడదని సంతకాలు గుండ్రంగా పెట్టించింది నువ్వు. ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషివి, నిన్ను తీసేస్తే కొట్టు అల్లరైపోతుందని ఆయన భయం. లోపల మనకంటూ ఒకరు మిగిలారు, అదే పదివేలు!”

పెద్దక్క చూపు తిప్పుకుంది. ఈ పిల్ల తనను నాలుగు తిట్టినా బాగుండేది. పని పోయిన వసపిట్ట తన కూతుర్ని బడి మానిపించిందని తెలిసిన రోజు నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

లోపలినుంచి పిలుపొచ్చింది. అధికారి ఎదురుగా యజమాని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“ఆ పదకొండు మందీ పనిదొంగలు సార్. ఇప్పుడు నా కొట్లో ఉన్నవాళ్ళెవరికీ ఏ బాధా లేదు. కావాలంటే ఈవిణ్ణే అడగండి,” అన్నాడు ధీమాగా.

“చూడమ్మా,” అన్నాడు అధికారి, “పనిలో ఉన్నవాళ్ళలో ఒక్కరైనా ఈ అర్జీ నాదీ అంటే, తీసేసినవాళ్ళను వెనక్కి తీసుకోమని రాస్తాను. లేకపోతే నేను చేయగలిగిందేమీ లేదు.”

“చెప్పు పెద్దక్కా, నీకేం తక్కువ చేశాను?” అని నవ్వాడు యజమాని.

ఆ నవ్వుకు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. మంచం పట్టిన మొగుడు గుర్తొచ్చాడు. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. గుమ్మం దగ్గర వసపిట్ట, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నోరు మూసుకుని నిలబడి ఉంది.

“నాదే సార్,” అంది పెద్దక్క. “ప్రతి ముక్కా నాదే. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టవు సార్. ఈ పిల్లలేం తప్పు చేయలేదు. తప్పంతా నాది.”

“అబద్ధం!” యజమాని గభాల్న లేచాడు. “సంతకం చూపించమనండి!”

అధికారి కాగితం ఆమె ముందుకు జరిపాడు. “ఇందులో మీది ఏదమ్మా?”

“ఇంకా పెట్టలేదు సార్, ఆ పెన్ను ఒకసారి ఇలా ఇవ్వండి.”