పదకొండు ఇళ్లు

“పాయింటు లేదు!” సూర్యకళ విజిల్ ఊదింది.

బంతి అవతలి కోర్టులో గీత లోపలే పడింది. ఆటోనగర్ అమ్మాయిల వాలీబాల్ టీము కెప్టెన్ రాణి ఉడికిపోయింది. “ఏటి మేడం? లోపలే పడింది కదా!”

“పడింది. కొట్టింది నీమా. బంతి పడ్డాక నువ్వు అందరితో చెయ్యి కలిపావు, ఆ అమ్మాయితో తప్ప. చేతులు కలవకపోతే పాయింటు లేదు. ఈ గ్రౌండులో ఇదే రూలు.”

టాంజానియా నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన నీమా వల పక్కన తల దించుకుని నిలబడింది. ఆమె నల్లటి ఒంటినీ, మెలికల జుట్టునీ చూసి మిగతావాళ్లు కిసుక్కున నవ్వుకోవడం కోచ్ సూర్యకళ వారం రోజులుగా గమనిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం రాణి నీమా చేతికి వేళ్ల కొసలు తగిలించింది. నెల తిరిగేసరికి ఇద్దరూ అరచేతులు ఛెళ్లుమనేలా కొట్టుకున్నారు. మూడో నెలకి రాణి వాళ్లమ్మ తవిటమ్మ వండిన చేపల పులుసు నీమా డబ్బాలోకి, రాణి యాస నీమా నోట్లోకి వచ్చేశాయి. “నువ్వు లేపవే, నాను కొడతాను!” అని నీమా అరుస్తుంటే సూర్యకళ మురిసిపోయేది. జిల్లా పోటీల్లో గెలిచిన రోజు పేపరాయన ఎవరో అడిగితే, “మనిషిని రంగుని బట్టి చూడొద్దని నేర్పాను, అంతే” అంది.

ఆ తర్వాత నీమా ఉంటున్న హాస్టల్ మూసేశారు. ప్రాక్టీసు మానేసి గది కోసం తిరిగింది. పది రోజులకి గ్రౌండుకొచ్చింది, ఆడ్డానికి కాదు.

“నాను ఎలిపోతన్నాను మేడం. బెంగళూరులో మా దేశం అక్క ఉంది. సదువు సంగతి తర్వాత.”

“ఏటే, ఇంత ఊళ్లో నీకొక గది దొరకలేదా?” రాణి గొంతు పెంచింది.

“పదకొండు ఇళ్లు అడిగాను. ఒకరు సుట్టాలొస్తారన్నారు. ఒకరు ఫ్యామిలీలకే ఇత్తామన్నారు. అందరూ నవ్వుతూనే సెప్పారు.”

“ఏ ఇళ్లో సెప్పు! టీమంతా ఎల్లి అడుగుతాం. రండి మేడం, మీరడిగితే ఎవులూ కాదనరు!”

నీమా చప్పున రాణి చెయ్యి పట్టుకుంది. “వద్దు. పేర్లు సెప్పను.”

సూర్యకళ అటు తిరిగి వల ముడి విప్పుతూ ఉండిపోయింది. ముడి ఒక పట్టాన రాలేదు.

స్టేషన్లో అమ్మాయిలంతా ఏడ్చారు. తవిటమ్మ దారికని పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. నీమా వంగి సూర్యకళ కాళ్లకు దండం పెట్టింది. “మీరు లేకపోతే ఈ ఊళ్లో నాకు ఒక్క ఫ్రెండు కూడా ఉండేది కాదు మేడం.”

సూర్యకళ ఆమెను లేపి గుండెకి హత్తుకుంది. పిల్లలముందు ఏనాడూ కంటతడి పెట్టని మనిషి ప్లాట్‌ఫారం మీద వెక్కివెక్కి ఏడ్చింది.

“నాకెవరిమీదా కోపం లేదు మేడం,” అంది నీమా మెల్లగా.

రైలు కదిలింది. రాణి ముక్కు చీదుకుంటూ చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసింది.

“ఆ పదకొండు ఇళ్లల్లో మీలాంటోళ్లు ఒక్కరుంటే సాలును కదా మేడం!”

నీమా అడిగిన మొదటి ఇల్లు సూర్యకళదే.