చలవ నీళ్లు

పిల్ల పెదవుల దాకా వెళ్లిన గ్లాసు కిందపడి భళ్లున పగిలింది. కొబ్బరినీళ్లన్నీ వార్డు నేల పాలయ్యాయి.

తోసింది ఒక ముతకచీర మనిషి. రోజూ గోడవారన కూర్చునే మనిషి.

"నీకేం పోయేకాలమే! దాహమని పిల్ల అల్లాడిపోతుంటే నోటికాడివి పారబోస్తావా?" పుణ్యవతి అరిచింది.

"జర నా మాటినమ్మా. గవి తాపకు."

"ఎందుక్కూడదు? చలవ చేస్తాయి. ఒంట్లో చెడంతా మూత్రంలో పోతుంది."

"పిల్లకు మూత్రమే వస్తలేదు గదమ్మా!"

పుణ్యవతికి ఒళ్లు మండింది. కూతురు కనకలక్ష్మికి రెండు మూత్రపిండాలూ చెడ్డాయని తెలిసిన నాటి నుంచీ ఆమెకు ఏ మాట విన్నా అపశకునమే.

డాక్టరుగారు ఉప్పు మానమన్నారు, మానిపించింది. నీళ్లు కొలిచి ఇమ్మన్నారు, కొలిచే ఇచ్చింది. కొబ్బరినీళ్ల ఊసు ఆయన ఎత్తలేదు. ఆమె అడగనూ లేదు. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషికి అవి నీళ్లేమిటి? మందు.

అందుకే భర్త సోమేశ్వరరావు ఊరినుంచి బొండాలు తెప్పించి, ఇంటి దగ్గర హఫీజ్‌పేటలో పాసింజరు రైలెక్కి మరీ ఆసుపత్రికి మోసుకొచ్చాడు.

"అసలు నీవాళ్లు ఏ మంచం మీదున్నారే?"

ఆ మనిషి కనకలక్ష్మి మంచంకేసి చూసింది.

"చూశారటండీ! ఎవరూ లేకుండానే పొద్దస్తమానం ఇక్కడే కాపురం. దొంగదో, నా పిల్లకి దిష్టి పెట్టడానికొచ్చిందో!"

సోమేశ్వరరావు వాచ్‌మన్‌ని పిలిచాడు.

రెక్కపట్టి ఈడ్చుకుపోతున్నా ఆమె వెనక్కి తిరిగి మొత్తుకుంటూనే ఉంది.

"నీ కాల్మొక్త! తాపకమ్మా!"

పుణ్యవతి ఇంకో బొండాం కొట్టించింది. కనకలక్ష్మి గటగటా తాగి, "అమ్మా, ఇంకొంచెం" అంది.

ఇంకొంచెం ఇచ్చింది.

సాయంత్రానికి పిల్ల కాళ్లూ చేతులూ వాలిపోయాయి. గుండె తప్పి తప్పి కొట్టుకుంది. డాక్టరుగారు పరుగున వచ్చి ఇంజెక్షన్లిచ్చారు. నెత్తుట్లో చెడు లాగడానికి పొట్టలోకి గొట్టం దింపి, మందునీళ్లు ఎక్కించి తీశారు, మళ్లీ ఎక్కించారు. మర్నాటికి ఎలాగో దక్కింది.

"ఏం పట్టారమ్మా పిల్లకి?"

"కొబ్బరినీళ్లేనండి..."

డాక్టరుగారు తల పట్టుకున్నారు.

"అందులో పొటాషియం ఉంటుందమ్మా. మూత్రపిండాలు బాగుంటేనే అది బయటికి పోతుంది. పోకపోతే గుండెనే ఆపేస్తుంది."

పుణ్యవతి చెప్పుల్లేకుండా గేటు దాకా పరుగెత్తింది. ఆ మనిషి జాడ లేదు. వార్డులోకి తిరిగొచ్చి, దుప్పటి మారుస్తున్న ఆయా రుక్కమ్మ చేయి పట్టుకుంది.

"ఆవిడ ఎక్కడుంటుందే?"

"బుచ్చమ్మనా? కోకాపేట దిక్కు. గిప్పుడు యాడున్నదో ఏమో. ఇంటికి పో అని మేం మస్తు చెప్పినం, పోలే. మీరు ఎల్లగొట్టిన్రు, పోయింది."

"మరి ఎవరికోసం ఉందే ఇన్నాళ్లూ?"

రుక్కమ్మ దుప్పటి అంచు పరుపు కిందికి దోపింది.

"పోయిన వారం దాంక గామె బిడ్డ గీ మంచం మీదనే ఉండెనమ్మా. చలవ చేస్తయని కొబ్బరినీళ్లు తాపింది గామెనే."