పెన్సిల్ కదల్లేదు

జర్మనీలోని సూల్ పట్టణంలో పాత ఆయుధాల సంత సర్దుకుంటోంది.

హార్ట్‌విగ్ లోజెకు నడుం పట్టేసింది. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పి చెప్పి నోరెండిపోయింది. పాత పిస్తోలు తయారీకి ఖర్చెక్కువని హిట్లర్ సైన్యం ఈ పి-38ని చేయించుకుందనీ, తూటా పేలకపోతే ఇందులో వెంటనే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కవచ్చనీ.

అప్పుడొచ్చింది ఓ ముసలామె. వెలిసిపోయిన కోటు, పోలండ్ యాస.

1944 నాటిది ఒకటి చూపించమంది.

అందరూ ముందు పిస్తోలు మీది నంబరు చూస్తారు. ఆమె చూడలేదు. సంచిలోంచి పెన్సిల్ తీసి, మొద్దువైపు లోపలికి పోయేలా గొట్టంలోకి జార్చి, ట్రిగ్గర్ నొక్కింది.

తూటాను పేల్చే లోపలి పిన్ను తగిలితే పెన్సిల్ ఎగిరి పడాలి. కదల్లేదు.

మళ్ళీ నొక్కింది. కదల్లేదు.

ఆమె ముఖం విప్పారింది.

"ఇలా పేలనివి ఇంకా ఉన్నాయా బాబూ?"

పక్క బల్లవాళ్ళు నవ్వారు. హార్ట్‌విగ్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంకో రెండున్నాయి. యాభై ఏళ్ళ తుప్పు మరి. కొనేదుంటే కొనండి, లేకపోతే దారివ్వండమ్మా."

"మూడన్నమాట," అని ఆమె తనలో తనే అనుకుంది. కాసేపు కూర్చోవచ్చా అని అడిగింది. కుర్చీ కొనేవాళ్ళ కోసమన్నాడు. తలూపి, పెన్సిల్ తీసుకుని వెళ్ళిపోయింది.

తుపాకులు బాగుచేసే ఎగోన్ వచ్చాక, హార్ట్‌విగ్ విసుగ్గా ఆ సంగతి చెప్పాడు. ఎగోన్ నవ్వలేదు. మూడింటినీ విప్పి, పిన్నులు భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"తుప్పు కాదురా ఇది. మూడింటికీ మొన ఆకురాయితో అరగదీశారు. ఒకటే చెయ్యి."

"ఎవరిది?"

"యుద్ధం రోజుల్లో ఇక్కడి ఫ్యాక్టరీల్లో పిన్నుల పని పోలండ్ నుంచి పట్టుకొచ్చిన ఆడపిల్లలతో చేయించేవాళ్ళు. ఇలా చేస్తూ దొరికితే ఉరే."

హార్ట్‌విగ్ నడుంనొప్పి మరిచి బయటికి పరుగెత్తాడు. పోలండ్ వెళ్ళే బస్సు అప్పటికే మలుపు దాటిపోయింది. ఆమె పేరైనా అడగలేదు.

రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు.

ఈ ఒక్క రకాన్నే ఎందుకు పోగేస్తున్నాడో అతను ఎవరికీ చెప్పలేదు. 1945 ఏప్రిల్‌లో, ఇంటికి పారిపోతూ దొరికిపోయిన ఓ సిపాయి నుదుట అధికారి ఇలాంటిదే ఆనించి రెండుసార్లు నొక్కాడు.

రెండుసార్లూ పేలలేదు, ఆలోగా తప్పించుకున్న సిపాయికి రెండేళ్ళ తర్వాత పుట్టినవాడే హార్ట్‌విగ్.