అవునంటేనే

"నువ్వు పెద్దోడివేనా?" అని అడిగింది అమ్మ, మంచం మీద ఇటు ఒత్తిగిలి.

"కాదమ్మా, చిన్నోణ్ణి," అన్నాడతను, అరచేతిలో బీపీ మాత్ర పట్టుకుని.

అమ్మ మూతి బిగించి గోడవైపు తిరిగిపోయింది. పెద్దోడు వచ్చి ఇస్తేనే వేసుకుంటానంది. పెద్దోడు పనిచేసే ఓడేమో ఇంకా నడిసముద్రంలో ఉంది. అమ్మ పక్షవాతం అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషి. అప్పటి నుంచి జ్ఞాపకం వస్తూ పోతూ ఉంది. మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నిన్న రాత్రిది తప్పింది. ఇప్పుడు పొద్దుటిదీ తప్పేలా ఉంది.

భార్య అతన్ని వంటింట్లోకి పిలిచి, అవునని ఒక్క ముక్క అంటే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని మెల్లగా అడిగింది. తనూ బతిమాలి చూసింది, కోడలి చేతి మాత్ర కూడా ఆవిడ ముట్టలేదు. అమ్మకి అబద్ధం చెప్పలేనన్నాడతను. మనిషి తీరే అంత. కొత్త కర్టెన్లు ఎలా ఉన్నాయని పక్కింటావిడ ముచ్చటపడి అడిగితే, బాగాలేవని చెప్పి వచ్చాడు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ వీళ్ళ అలికిడి వింటే తలుపేసుకుంటారు.

"మతి సరిగా లేని మనిషిని మోసం చెయ్యడం మరీ అన్యాయం," అన్నాడు.

"మాత్ర లోపలికి వెళ్ళకపోతే మీ నిజాయితీని ఏం చేసుకోవాలండీ?" అంది భార్య.

అతను మాత్రని డబ్బాలో పెట్టేసి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

అతని పని ఆపరేటింగ్ సిస్టం రాయడం. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ముందు నిద్రలేచి మిగతా అన్నిటినీ నడిపించే ప్రోగ్రాం అది. ప్రపంచమంతా వాడే పెద్ద సిస్టం కాదు, నలుగురు కూర్చుని ఇష్టంగా రాసుకుంటున్న చిన్నది. బల్ల మీదున్న కొత్త లాప్‌టాప్ వారం నుంచి అతని ప్రాణాలు తోడేస్తోంది. తెర వెలుగుతుంది, మీటలు పనిచేస్తాయి, బ్యాటరీ మాత్రం ఛార్జ్ కాదు. తయారుచేసినవాళ్ళిచ్చిన మాన్యువల్లో ఛార్జర్ పెడితే చాలని రాసుంది. ఆ రాసిన మహానుభావుడు ఎప్పుడైనా ఆ యంత్రాన్ని ముట్టుకుని చూశాడా అని అతనికి గట్టి అనుమానం.

ఇక మాన్యువల్ని నమ్ముకుంటే లాభం లేదని, లాప్‌టాప్ చిప్పులో పుట్టుకతోనే కూర్చున్న ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాంనే విప్పి చదివాడు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. యంత్రం లేచీ లేవగానే ఆ ఫర్మ్‌వేర్ సిస్టంని ఒక ప్రశ్న అడుగుతోంది. అందరూ వాడే ఆ పెద్ద సిస్టంవి నువ్వేనా అని. అవునంటే బ్యాటరీకి కరెంటు వదులుతుంది. కాదంటే మాటా పలుకూ లేకుండా ఊరుకుంటుంది. ఈ ముక్క మాన్యువల్లో ఎక్కడా లేదు. అతనికి ఒళ్ళు మండింది.

బృందంలో అందరికన్నా పెద్దావిడని అక్కా అని పిలుస్తారు. ఆవిడ టీ గ్లాసుతో వచ్చి, తెరవైపు చూసి నవ్వింది. దానికి ఏం జవాబిచ్చావని అడిగింది. కాదని చెప్పించి, మన పేరు మనం చెప్పుకున్నామన్నాడు.

"అలా ఎవరూ చెప్పరు. ఉన్న సిస్టంలన్నీ దానికి అవుననే అంటాయి," అంది ఆవిడ.

"అది అబద్ధం కదా అక్కా."

ఆవిడ గ్లాసు పక్కనపెట్టింది.

"దానికి నీ పేరుతో పనేంలేదు తమ్ముడూ. దాన్ని చేసినవాళ్ళు దానికి ఒక్క తలుపే పెట్టారు. తియ్యనా వద్దా అని అడగడానికి దానికి వేరే మాటలు రావు, అంతే."

ఆవిడ వెళ్ళిపోయాక అతను ఆ ప్రోగ్రాం మళ్ళీ తెరిచాడు. తర్వాత 'కాదు' అన్నచోట 'అవును' అని మార్చి, యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపాడు. అంచున చిన్న ఛార్జింగ్ దీపం వెలిగింది. వారం రోజుల చాకిరీ ఒక్క మాటతో తీరిపోయింది. సంతోషించాల్సింది పోయి, పొద్దున అమ్మ గోడవైపు తిరిగిన తీరు గుర్తొచ్చింది. అక్కతో చెప్పి ఇంటికి బయలుదేరాడు.

అమ్మ ఇంకా గోడవైపే ఉంది. అతను మంచం పట్టె మీద కూర్చుని మాత్ర తీశాడు. ఆ చప్పుడుకి ఆవిడ ఇటు తిరిగింది.

"నువ్వు పెద్దోడివేనా?"

నీళ్ళగ్లాసుతో వస్తున్న భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"అవునమ్మా, పెద్దోణ్ణే," అన్నాడు. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

అమ్మ అతని మొహంలోకి చూసింది. కాసేపు చూసి, బుద్ధిగా నోరు తెరిచింది. మాత్ర మింగి, కోడలు అందించిన గ్లాసెడు నీళ్ళూ తాగింది. భార్య కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. అతను మాత్రం తలెత్తలేక, తువ్వాలుతో అమ్మ గడ్డం మీది తడి తుడుస్తూ ఉండిపోయాడు.

అమ్మ అతని చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది. ఎవరూ వినకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించింది.

"నువ్వు అబద్ధమాడావని చిన్నోడితో అననులే. వాడు తట్టుకోలేడు."