దిగులు తీసే కేంద్రం

పెళ్ళయి పదిహేను రోజులు. మా ఆయన స్నానం చేస్తూ వేసే ఈల కూడా నాకు పండగే. ఇంత సంతోషంలో ఇంట్లో ఒకరు రోజూ ఏడుస్తుంటే చూడలేక, ఆయన అమ్మమ్మ లాస్యగారిని దిగులు తీసే కేంద్రానికి నేనే తీసుకెళ్ళాను. మా వీధిలో పెద్దవాళ్ళంతా కళ్ళు చూపించుకున్నంత తేలిగ్గా వెళ్ళొస్తున్నారు.

గంటలో ఆవిడ జ్ఞాపకాల్లోంచి నలభయ్యో ఏట వరదలో పోయిన ఇంటినీ, నిరుడు జరిగిన తాతగారి చావునూ చెరిపేశారు.

"ఒకటి మిగిలిందండీ," అంది అక్కడి అమ్మాయి తెర చూస్తూ. "ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఇటుకబట్టీలో వదిలేసి పోయింది. అది తియ్యలేం. తర్వాత బతుకంతా దాని మీదే కట్టుకున్నారు."

"పొద్దున్నుంచీ కాఫీ కూడా లేకుండా కూర్చోబెట్టావు కదే," అని అమ్మమ్మ నన్ను దెప్పింది. నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

రాగానే ఆవిడ గదులన్నీ వెతికింది.

"మీ తాతయ్యేడే?"

"ఆయన నిరుడు పోయారు కదా అమ్మమ్మా."

"చచ్చిపోతే నాకు తెలీదూ?" అంటూ గుమ్మంలో కూలబడింది. "నన్నొదిలేసి వెళ్ళిపోయాడని చెప్పవే. మా అమ్మ కూడా ఇలాగే చెప్పకుండా పోయింది."