సీసా మీద గీత

సీసాలో మందు తగ్గింది.

భ్రమరాంబ మళ్లీ చూసింది. నిన్న సాయంత్రం కొత్తగా మందు కలిపి సీసా నింపాక నెయిల్ పాలిష్‌తో తను గీసిన ఎర్ర గీత అక్కడే ఉంది. మొహాలకు పట్టించే బ్లీచ్ మందు మాత్రం గీత కిందికి దిగింది.

"కాశమ్మా!"

ఊడుస్తున్న చీపురు ఆగింది.

ద్వారకా నగర్‌లో ఆడవాళ్ల కోసం బ్యూటీ పార్లర్ పెట్టి భ్రమరాంబకు నాలుగేళ్లు. పోర్టులో పనిచేసే మొగుణ్ని పోరి పోరి, మద్రాసు వెళ్లి ఆరు నెలలు నేర్చుకుని వచ్చింది. గోడ మీద పెద్ద చర్మం బొమ్మ పెట్టించింది. చర్మానికి పొరలెన్ని, జిడ్డు చర్మం ఏది, పొడి చర్మం ఏది, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది.

కాశమ్మ మూడేళ్ల కిందట కంచరపాలెం నుంచి పని అడుగుతూ వచ్చింది. నీది ఏ ఊరు, నీకెవరున్నారు అని భ్రమరాంబ అడగలేదు. ఊడవడం, తుడవడం, సాయంత్రం తాళం వెయ్యడం, పొద్దున్నే తియ్యడం, అన్నీ కాశమ్మే.

"ఇందులోంచి తీశావా?"

"తీసినానమ్మా. కూసింతే."

"ఎందుకు?"

"రాసుకోడానికి."

ఫేషియల్‌కు వచ్చి కుర్చీలో కూర్చున్న కాంతం పకపకా నవ్వింది. సీసా మీద గీత గీసి చూడమని సలహా ఇచ్చింది ఆవిడే.

"తెల్లబడి సినిమాల్లో చేరతావటే?"

భ్రమరాంబకు నవ్వు రాలేదు. "ఎండ తగిలితేనే దద్దుర్లు లేచే చర్మం నీది. ఇలాంటివి తాకొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఇదేనా మొదటిసారి?"

"కాదమ్మా."

భ్రమరాంబ సీసా తీసి అలమారాలో పెట్టేసింది. పోయిన మందు ఏపాటిది! సొంత చెల్లెలికి కూడా ఇవ్వని తాళంచెవి ఈ మనిషి చేతిలో పెట్టింది.

"నమ్మినందుకు బాగానే బుద్ధి చెప్పావు. తాళంచెవి అక్కడ పెట్టి పో."

కాశమ్మ ఏదో అనబోయింది. కాంతం కేసి చూసి ఆగిపోయింది. తాళంచెవి బల్ల మీద పెట్టి, చీపురు మూల చేర్చి వెళ్లిపోయింది.

ఆ శుక్రవారమే ఒక పెళ్లికూతురు వచ్చింది. శ్రీరామ్మూర్తి గారని పోర్టులో పెద్ద ఉద్యోగి, ఆయన కూతురు. మర్నాడే ముహూర్తం.

సీసా అయిపోయింది. భ్రమరాంబ అలమారాలోంచి, వారం కిందట తెచ్చిన, నీళ్లు కలపని మందు పెద్ద డబ్బా దించింది. ఎప్పట్లాగే కంటి అంచనాతో నీళ్లు కలిపి పల్చన చేసింది. అమ్మాయి చెంపలకు పట్టించింది.

"మండుతోందాంటీ."

"కొంచెం చురుక్కుమంటుందమ్మా. ఓర్చుకోవాలి."

"అబ్బా, మండిపోతోంది!"

కడిగేసరికి రెండు చెంపలూ కమిలి పొక్కులు తేలాయి. అమ్మాయి అద్దంలో చూసుకుని ఘొల్లుమంది. వాళ్లమ్మ పెట్టిన కేకలకు వీధి వీధంతా గుమ్మంలో మూగింది.

భ్రమరాంబ డబ్బా మూత తీసి వాసన చూసింది. నాలుగేళ్లలో ఒక్కరి చర్మం కాలలేదు. అదే మందు, అదే చెయ్యి. కాశమ్మ వెళ్లిన వారమే ఎందుకు కాలింది?

వెళ్తూ వెళ్తూ డబ్బాలో ఏదో కలిపి పోయింది. అంతే, ఇంకేముంది!

రిక్షా ఎక్కి కంచరపాలెం వెళ్లింది. రైలు పట్టాల పక్కన ఇల్లు వెతికి పట్టుకుని గుమ్మం ముందే అరిచింది.

"డబ్బాలో ఏం కలిపావే?"

కాశమ్మ బయటికొచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట సిమెంటు మోసి అప్పుడే వచ్చింది. కాళ్లనిండా బూడిద రంగు.

"ఎవులికి కాలిందమ్మా?" అంది కంగారుగా.

"చూశావా, నేను చెప్పకుండానే తెలిసిపోయింది! నీ కసి తీర్చుకోడానికి పెళ్లికూతురి మొహమే దొరికిందా? ఇంత ద్రోహమా?"

కాశమ్మ అక్క నూకాలు లోపల్నుంచి దూసుకొచ్చింది.

"ఏటమ్మా, నోటికొచ్చినట్టు అనీత్తన్నావు? ఇది సూడు!"

చెల్లెలి జాకెట్టు చెయ్యి పైకి లాగింది.

మోచేతి మడత చుట్టూ పావలా బిళ్లంత మచ్చలు. పాతవి తెల్లబడ్డాయి. కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నువ్వు కలిపిన పెతి సీసా ముందు దీని సేతికి రాసుకునీది. పొద్దున్నకి పొక్కితే ఇంకాసిన్ని నీల్లు పోసీది. దీని ఒంటికి పడితే ఎవుల ఒంటికైనా పడతాదంట!"

భ్రమరాంబ ఆ చెయ్యి పట్టుకుని మోచేతి మడత దగ్గరగా చూసింది.

కొత్త మందు మొహానికి పెట్టేముందు మోచేతి మడతలో, చర్మం పల్చగా ఉన్నచోట, చుక్క రాసి ఒక రోజు చూడాలి. మద్రాసులో మొట్టమొదట నేర్పింది అదే. పార్లర్ పెట్టిన కొత్తలో తనూ వచ్చినవాళ్లందరికీ అలాగే చేసేది. రెండేసిసార్లు తిరగలేమని వాళ్లు విసుక్కుంటే మానేసింది. మానేసిన సంగతే మర్చిపోయింది.

పొక్కిన ఆ చెంపలు గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆ రోజు అడిగినప్పుడే ఈ మాట చెప్పొచ్చు కదే!"

కాశమ్మ జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది.

"కుర్సీలో కాంతమ్మగారు కూకున్నారు గదమ్మా. మన మందు కాలుత్తాదని ఆవిడి ముందు ఎలాగ సెప్తాను?"