మిగిలిన ఒక్కడు

"మల్ల ఒక్కడు మిగిలిండేంది!"

మైకులనే ఒర్రిండు మహిపాల్.

కామారెడ్డి కాలేజి గ్రౌండ్‌ల జిల్లా అంతట నుంచి వచ్చిన రక్తదాతలు నిలబడ్డరు. గేటుకాడ పంచిన ఎర్ర టోపీలు రెండువేల ఐదువందల ఇరవై ఒకటి. అందరిని సమానంగ వరుసలు కట్టాలె, పైనుంచి డ్రోన్ ఫొటో తియ్యాలె.

పదేసి మందిని నిలబెడితే ఒక్కడు మిగిలిండు. తొమ్మిదేసి పెట్టినా ఒక్కడు. ఎనిమిదేసి పెట్టినా ఒక్కడే.

ఎండ మండుతున్నది. మహిపాల్‌కు అంతకంటే మండుతున్నది.

బిడ్డ సాయిలతది వేలల్ల ఒక్కరికి గూడ ఉండని రక్తం. పోయినేడు పేరు తెల్వని మనిషెవరో ఇస్తే బతికింది. గురువారం మల్ల ఆపరేషన్. ఆ రక్తం ఎవలకున్నదో అడుగుదామనే ఇంతమందిని పిలిచిండు.

మరి ముందు ఆ మాట అడగొద్దా? ఫొటో అయినంకనట!

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన లెక్కల మేడం పద్మప్రియ ముందుకొచ్చింది.

"అన్నా, ఈ సంఖ్యే గట్లాంటిది. రెండు నుంచి పది దాకా దేనితోని భాగించినా ఒకటే మిగులుతది. పది దాటినా సమానంగ తెగదు. ప్రధాన సంఖ్య."

"మరేం జెయ్యాలె?"

"నువ్వు గూడ వచ్చి నిలబడు. తొంభై ఏడేసి మంది, ఇరవై ఆరు వరుసలు. సక్కగొస్తయి."

"నేను నిలబడితే ఇదంత నడిపిచ్చేదెవరు? ఒకణ్ణి తీసేస్తే అయిపాయె!"

తీసేస్తడట! పిలిచి తెచ్చుకున్న మనిషిని!

ఆఖర్ల నిలబడ్డోని కాడికి పోయిండు. గ్రీజు మరకల అంగీ. పొద్దటి సంది మాట్లాడనీకె రెండుసార్లు వస్తే, రెండుసార్లు మహిపాలే కసిరి పంపిండు.

"అన్నా, నేను వజీర్. బీర్కూర్ నుంచి వచ్చిన. మీతోని ఒక్క మాట..."

"మాటల్లేవ్ గీటల్లేవ్. లెక్కల ఎక్కువైనవు. బయటికి నడువు."

"నేను గూడ రక్తం ఇచ్చినోణ్ణే గదన్నా!"

"ఇస్తే? నెత్తికెక్కించుకోవాల్నా? జరుగు!"

వజీర్ మొఖం ఎర్రబడ్డది.

"పిలిస్తే వచ్చిన. అడుక్కతిననీకె రాలె."

టోపీ తీసి మహిపాల్ చేతిల పెట్టిండు. గేటు దాటి, ఊరి దిక్కు పోయే బాన్సువాడ బస్సెక్కి పోయిండు.

ఫొటో గీత గీసినట్టు వచ్చింది. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

అప్పుడు తీరిగ్గ మైకు పట్టుకొని బిడ్డ సంగతి చెప్పిండు మహిపాల్. ఆ రక్తం ఉన్నోళ్లు చెయ్యి లేపుమన్నడు.

ఒక్క చెయ్యి లెవ్వలె.

"ఇంతమందిల ఒక్కరు లేరా!" అని గొంతు చినిగేటట్టు ఒర్రిండు.

రక్తనిధి నర్సు కృపాజ్యోతి ఉరుక్కుంట స్టేజికాడికొచ్చింది. మహిపాల్ చేతిల ఇంక ఆ టోపీ అట్లనే ఉన్నది.

"వజీర్ భాయ్ ఏడన్నా? ఇన్నొద్దులు పేరు చెప్పొద్దన్నడు. పోయినేడు సాయిలతకు రక్తమిచ్చింది ఆయనే, గురువారం మల్ల ఇస్తనని మీకు తనే చెప్పుకోనీకె వచ్చిండు."